ఉయ్యాలమాను

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం వేసవిలో, తడ దగ్గర ఇసుకదిబ్బ మీద కట్టెలకని తిమోతి వేలంలో పాడుకున్నది మూడెకరాల అడవి. చేతిలో అయిదు గొడ్డళ్లు, ఒక ఎద్దుబండి, మద్రాసు పోయే కాలువ పడవలో సగం చోటు ఉన్నాయి. వీటితోపాటు ఇచ్చిన మాట ఒకటి. అది నెల్లూరు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే పద్మనాభయ్య గారికి ఇచ్చింది.

"ఈ మూడు మానులూ ఏ పుస్తకంలోనూ లేవు తిమోతీ. దిబ్బలన్నీ వెతికినాను, ఇంకెక్కడా కనపడలేదు. పువ్వూ కాయా చూస్తేగానీ పేరు పెట్టి రాయలేను. వీటిని మాత్రం కొట్టనీయొద్దు" అన్నారాయన, ఆ అడవిలోని మూడు చెట్లు చూపించి.

"మూడు చెట్లకు నా కట్టెల అడితి మునిగిపోదులే సార్" అని తిమోతి అప్పటికప్పుడే ఎర్రమట్టి జాజు కలిపి, మూడింటికీ నడుమెత్తున పట్టీ పూశాడు. ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే పోయింది. మర్నాడు గూడూరులో మేనల్లుడి పెళ్లికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి రెండు మానులు నేల మీద ఉన్నాయి. కట్టెలు కొట్టే పెంచలమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఎవురు కొట్టమన్నారు వాటిని?"

"నువ్వే గదన్నా! జాజు పూసింది కొట్టేదే గదా మన పద్ధతి? దాచిపెట్టుకునేదానికి గూడా జాజేనా? అయితే ఇంట్లో వదినకు గూడా పూసే వచ్చినావా?"

తిమోతి మిగిలినదాని వైపు తిరిగాడు. మూడో మాను మీదా పట్టీ ఉంది. దాని కొమ్మకు పాత చీర ఉయ్యాల వేలాడుతోంది.

"మరి దాన్నెందుకు ఇడిచినావు?"

"బిడ్డ పండుకోనుండాడు. నువ్వు లేపి జోకొడతావా?"

ఉయ్యాల విప్పేదాకా ఆ చెట్టును గొడ్డలి తాకకూడదని కూలీల కట్టుబాటు. దానివల్ల పని ఆగిపోతోందని తిమోతి ఎన్నోసార్లు విసుక్కున్నాడు. ఆ రోజు తలగుడ్డ తీసి, ఇసుకలో మోకరించి ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాడు. ఆ గుడ్డే తడిపి జాజు తుడిచేశాడు.

ఆషాఢంలో మాను పూసింది. ఆవగింజలంత తెల్లపూలు. "రెండు పోయినాయి సార్, తప్పు నాదే" అన్నాడు తిమోతి. పూలు చూడటానికి వచ్చిన పద్మనాభయ్య గారు నరికిన మొదళ్లు రెండూ తడిమి చూశారు. తర్వాత భూతద్దం తీసి, "ఇక్కడ దీన్నేమంటారు?" అని అడిగారు.

"ఉయ్యాలమాను" అంది పెంచలమ్మ. ఆయన అదే రాసుకున్నారు.

పోయినవి రెండు, తిమోతి చేతి అలవాటు వల్ల. నిలిచినది ఒకటి, పెంచలమ్మ బిడ్డ నిద్ర వల్ల. దాని గింజలు నాటితే, మరుసటి వానలకు అడితి వెనక కుండల్లో మొలిచినవి పదకొండు.