పేరు చదివితే చాలు

ఆగస్టులో మా బేస్‌బాల్ క్లబ్బు పెద్ద జట్టుకి తిరిగి వచ్చేనాటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: అరిగిపోయిన కుడి మోకాలు, బంతిని గట్టిగా విసరలేని భుజం, కొత్తగా చేయించుకున్న నల్ల బ్యాటు, తొంభై తొమ్మిది హిట్లు.

అవుటవకుండా మొదటి బేస్ అనే మజిలీకి చేరేలా బంతిని కొడితే దాన్ని హిట్ అంటాం. ఆ హిట్లన్నీ ఇంకొకరి బదులు వెళ్ళి కొట్టినవే. పన్నెండేళ్ళుగా నా వ్యాపారం అదొక్కటే. ఆట బిగుసుకునేదాకా బెంచీ మీద కూర్చుంటాను. బంతి విసరడమే తప్ప బ్యాటింగ్ రాని మా పిచర్ వంతు వచ్చినప్పుడు అతని బదులు లేచి వెళతాను. తగిలితే స్టేడియం ఊగుతుంది, తగలకపోతే వచ్చి మళ్ళీ కూర్చుంటాను. ఇంకొక్కటి కొడితే వంద.

ఆ ఒక్కటీ ఈ సీజన్‌లోనే కొట్టాలి. వచ్చే ఏడాది నుంచి మా లీగులో కూడా పిచర్లు బ్యాటు పట్టుకోనక్కర్లేదని తేల్చేశారు. వాళ్ళ బదులు మొదటినుంచి చివరిదాకా బ్యాటింగే చేసే మనిషి ఒకడు ఉంటాడట. మరి నేను ఎవరి బదులు వెళ్ళాలి? గొడుగులమ్మేవాడికి వచ్చే ఏడాది నుంచి వానలు రద్దు అని చెప్పినట్టయింది. అసలు ఇప్పటికే బెంచీ మీద నాలాంటివాళ్ళకి చోటు తగ్గిపోయింది. మూడు చోట్ల ఫీల్డింగ్ చేయగలిగి, పరుగెత్తగలిగి, కాస్తో కూస్తో బ్యాటు తిప్పగలిగినవాడే ఇప్పుడు అందరికీ కావాలి. ఒకే వస్తువు అమ్మే కొట్టు ఏ బజారులోనూ మిగలడంలేదు.

మోకాలు బాగుపడి వచ్చిన మొదటి మ్యాచ్‌లోనే పిలుపు వచ్చింది. ఎనిమిదో ఇన్నింగ్స్, రెండు బేసుల మీద మావాళ్ళు పరుగుకోసం కాచుకుని ఉన్నారు. మా నానివా జట్టు మేనేజర్ హిరాయివా నా వైపు చూసి, "కుసుమోతో, లే" అన్నాడు. మైకులో అమ్మాయి నా పేరు చదివింది. జనం లేచి నిలబడ్డారు. నేను బ్యాటుకి జిగురు రాసుకుంటున్నాను.

అవతలి మేనేజర్ బయటికి వచ్చి పిచర్ని మార్చాడు. ఎడమచేతి పిచర్ వచ్చాడు. నేను ఎడమచేతి వాటం బ్యాటర్ని. వాడు వేసే బంతి నాకు వీపు వెనకనుంచి వచ్చినట్టుంటుంది.

"చాలు, వచ్చేయ్. నిషికాదో, నువ్వెళ్ళు" అన్నాడు హిరాయివా.

మా ఆటలో మైకులో పేరు చదివితే ఆడినట్టే లెక్క. వెనక్కి పిలిస్తే ఆ రోజుకి మళ్ళీ దిగకూడదు. నిషికాదో ఇరవై రెండేళ్ళ కుడిచేతి వాటం కుర్రాడు. వెళ్ళీ వెళ్ళగానే హిట్ కొట్టాడు. కొట్టు తెరిచి, ఊడ్చి, నీళ్ళు చల్లింది నేను. బేరం వాడిది.

మ్యాచ్ అయ్యాక హిరాయివాని పట్టుకున్నాను.

"మేనేజర్ గారూ, నేను కొట్టడానికి వచ్చాను. ఊరేగడానికి కాదు."

"కోపం దేనికయ్యా? వాళ్ళ మంచి పిచర్ పోయాడా, లేదా?"

"పోయాడు."

"నిషికాదో కొట్టాడా, లేదా?"

"కొట్టాడు."

"నువ్వు హిట్ కొట్టడం నాలుగుసార్లకి ఒకసారి కుదురుతుంది. నీ పేరు చదివించడం నాలుగింటికి నాలుగుసార్లూ కుదురుతుంది. వాళ్ళకి నువ్వంటే ఇంకా భయం. కొట్లో పుట్టి పెరిగినవాడివి, ఏది లాభమో నువ్వే చెప్పు."

ఒళ్ళు మండిపోయింది. లెక్క తప్పైతే పోట్లాడేవాణ్ణి. లెక్క సరిగ్గానే ఉంది.

ఆ తర్వాత అదే వరస. పేరు చదవడం, జనం లేవడం, ఎడమచేతివాడు రావడం, నేను తిరిగి రావడం. అద్దాల బీరువాలో పెట్టిన మైనం లడ్డూలా తయారయ్యాను. చూసి లోపలికి వస్తారు, తినేది మాత్రం ఇంకొకటి. నిషికాదో ప్రతిసారీ వంగి దణ్ణం పెట్టి, "మీ దయ అన్నా" అనేవాడు. వాణ్ణి తిట్టడానికీ లేదు. వాడి తప్పేముంది?

సెలవు రోజుల్లో ఇంటికి వెళ్ళడం ఇంకా కష్టమైంది. మా ఇల్లు ఒసాకాలో వంటసామాన్ల వీధిలో ఉంది. మా అమ్మ ఫుసాయె అక్కడ కత్తులూ మూకుళ్ళూ అమ్ముతుంది. పక్క కొట్లో కాగితం లాంతర్లమ్మే కొబాతా ముసలాయన నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏమోయ్ తెత్సూ, నిన్న కూడా నీ పేరు చదివిందటగా ఆ అమ్మాయి? ఏం గొంతు, తేనె! పెళ్ళయిందా ఆ పిల్లకి?"

"మీకెందుకు తాతా?"

"నీ ఆట చూద్దామంటే అది తప్ప వినడానికేమీ లేదు మరి."

అమ్మ కత్తికి నూనె రాస్తూ అందుకునేది. "వీడి పేరుకే జీతమిస్తున్నారు కొబాతా గారూ. ఆ పేరు పెట్టింది నేను. అందులో నా వాటా ఏదని అడుగుతున్నాను."

"అమ్మా, నువ్వు కూడానా!"

"కాకపోతే ఏమిటిరా? వంద వంద అని వీధంతా చాటావు. వంద అయ్యేదీ లేదు, కొట్లో కూర్చునేదీ లేదు."

ఆఖరి మ్యాచ్ మిట్టమధ్యాహ్నం జరిగింది. గెలిస్తే ఐదో స్థానం, ఓడితే ఆరోది, అంటే అట్టడుగు. అడుగున పడితే హిరాయివా ఉద్యోగం ఉండదని అందరికీ తెలుసు. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి స్కోరు సమం. మా బ్యాటింగ్, ఇద్దరు అవుట్, ఇంకొకడు అవుటైతే మా వంతు అయిపోతుంది, మూడు బేసుల మీదా మావాళ్ళే. పిచర్ వంతు వచ్చింది. హిరాయివా నన్ను లేపాడు. నా పేరు చదివారు. ఆ పేరు అలా చదవడం ఇక ఉండదని తెలిసి కాబోలు, జనం చాలాసేపు కూర్చోలేదు.

నేను అలవాటుగా అవతలి బెంచీ వైపు చూశాను. ఎవరూ బయటికి రావడంలేదు. వాళ్ళ దగ్గరున్న ఎడమచేతివాళ్ళు అంతకుముందే అయిపోయారు.

హిరాయివా కూడా అలవాటుగానే, "నిషి..." అని ఆగిపోయాడు. "ఏం చూస్తావయ్యా? ఈసారి నిజంగానే వెళ్ళు!"

పిచర్ కుర్రాడు. మాటిమాటికీ టోపీ సర్దుకుంటున్నాడు. మొదటి రెండు బంతులూ గురి తప్పాయి. మూడోది సరిగ్గా అంచు మీద పడింది, వదిలాను, ఒక స్ట్రైక్ అయింది. నాలుగోది మళ్ళీ తప్పింది. ఇంకొక్కటి తప్పితే నాలుగు. అప్పుడు నేను బ్యాటు కదపకుండానే మొదటి బేస్‌కి నడుస్తాను. అందరూ ఒక్కో బేస్ జరుగుతారు, మూడో బేస్ మీదున్నవాడు ఇంటికి, అంటే నేను నిలబడ్డ బేస్‌కి, వస్తాడు, ఆ పరుగుతో మేం గెలుస్తాం. కానీ అది హిట్ కింద రాదు.

ఐదో బంతి నడిమధ్యకి వచ్చింది. నెమ్మదిగా, నడుమెత్తున, నాకోసమే పళ్ళెంలో పెట్టినట్టు. పన్నెండేళ్ళలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. రెండు నెలలుగా మ్యాచ్‌లో ఒక్కసారైనా తిప్పని చేతులు. కళ్ళు చూశాయి, చేతులు లేవలేదు. అంపైర్ స్ట్రైక్ అన్నాడు, రెండోది. మూడోది పడితే అవుట్. నాకు నేనే పరాయివాడిలా అనిపించాను.

ఇక ఒక్కటే మిగిలింది. అది బయటికి పోతూ వచ్చింది, నాకు జానెడు దూరంగా. బ్యాటు కొసతో అందేదే. అందుకుంటే ఏదో ఒక మూల పడొచ్చు, వంద కావచ్చు. అలాంటి బంతి పది తిప్పితే తొమ్మిది ఫీల్డర్ల చేతికి చిక్కుతాయని కూడా తెలుసు. సంత ముగిసిపోతోందని చచ్చు సరుకు కొనకురా అన్నది అమ్మ చిన్నప్పటినుంచీ చెప్పిన మాట. నేను కదల్లేదు.

స్ట్రైక్ అంటూ అంపైర్ చెయ్యి లేవలేదు. మూడో బేస్ మీదున్నవాడు చేతులూపుకుంటూ ఇంటికి వచ్చాడు. గెలిచాం.

అందరూ వచ్చి నా నెత్తిన నీళ్ళు పోశారు. హిరాయివా నన్ను కావలించుకుని, "వందో హిట్ కంటే ఇదే మేలు!" అని అరిచాడు.

"మీకు" అన్నాను.

నిషికాదో ఏడుస్తున్నాడు. "అన్నా, ఆఖరి బంతి వదలడం అందరివల్లా కాదు."

"ఆ ముందుది వదలడం కూడా" అన్నాను.

వారం తిరక్కుండానే జట్టు ఆఫీసువాళ్ళు పిలిచి, ఎంతో మర్యాదగా, వచ్చే ఏడాది నాకు పని లేదన్నారు. హిరాయివా మాత్రం ఉన్నాడు.

బ్యాటు భుజాన వేసుకుని కొట్టుకి వచ్చాను. అమ్మ తల ఎత్తలేదు.

"టీవీలో చూశాను. ఆఖరిది కొనలేదు, మంచి పని చేశావు."

"నువ్వు నేర్పిందే."

"ఆ ముందు వచ్చింది మాత్రం మేలిరకం సరుకురా. దాన్ని ఎందుకు వదిలావు?"

బ్యాటు పక్కన పెట్టి కత్తులు తుడవడం మొదలుపెట్టాను. అమ్మ దాన్ని తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. ఆ బ్యాటు మ్యాచ్‌లకని దాచుకున్నది, సాధనకి వాడలేదు. దాని మీద బంతి మచ్చ ఒక్కటి కూడా లేదు. అమ్మ తీసుకెళ్ళి నూడుల్స్ పిండి పాముకునే పొడుగు కర్రల మధ్య నిలబెట్టింది.

మర్నాడు పొద్దున మొదటి బేరం. నూడుల్స్ దుకాణాయన కర్రలు ఏరుతూ దాన్ని పైకి తీశాడు.

"బరువు బాగుంది. పాతదా?"

"కాదండీ. కొత్తదే. ఒక్కసారి కూడా వాడలేదు" అన్నాను.

ఆయన అటూ ఇటూ తిప్పి, లావెక్కువైందని మళ్ళీ అక్కడే పెట్టి, సన్నకర్ర ఒకటి కొనుక్కుని వెళ్ళాడు.

మొత్తం మీద జమ: జట్టుకి ఒక గెలుపు, హిరాయివాకి ఉద్యోగం, నిషికాదోకి పేరు. నాకు మచ్చపడని బ్యాటు ఒకటి, తొంభై తొమ్మిది.