బొడ్డులోతు గీత

మక్కీ చెప్పులు విప్పి, ఇనప గొట్టం పక్కన నిటారుగా నిలబడ్డాడు. నడినెత్తిన అరచేయి పెట్టి, అది గొట్టానికి తగిలినచోట సుద్దతో గుర్తు పెట్టుకున్నాడు. సరిగ్గా అక్కడికి కోశాడు. బొడ్డుకు ఎదురుగా ఇంకో గుర్తు పెట్టి, దానిమీద ఎర్ర రంగుతో గీత వేశాడు. గీత కిందికి ఒక చుక్క జారింది. తుడవలేదు.

సిత్రా రేవులో ముప్పై ఏళ్లుగా అతనిది ఒకటే పని. పడవ ఎక్కించిన ట్రైలర్‌ను బావమరిది జాఫర్ పికప్‌తో వెనక్కి నెడుతూ సిమెంటు వాలు మీంచి సముద్రంలోకి దించుతుంటే, చక్రం పక్కన నడుస్తాడు. నీళ్లు బొడ్డు దాకా రాగానే "చాలు!" అని అరుస్తాడు. జాఫర్ బ్రేకు తొక్కుతాడు. పడవ తేలుతుంది. వల వేసేది జాఫర్, చేపలమ్మేది జాఫర్. మక్కీ పేరైనా రేవులో సగం మందికి తెలియదు. 'చాలు మనిషి' అంటారు.

పోయిన వారం ఆ కేక రాలేదు. నోరు తెరిస్తే ఉత్త గాలి. పికప్ వెనక చక్రాలు పాచిమీద జారాయి. ఇంకో మూర జారితే జాఫర్ బండితో సహా మునిగేవాడే. జలుబు చేసిందన్నాడు మక్కీ. గుండె మూడో వంతే పనిచేస్తోందని డాక్టరు చెప్పి అప్పటికి నెల.

అందుకే ఈ గొట్టాలు. రెండోదాన్నీ అదే కొలతకు కోసి గీత వేసి, ట్రైలర్ వెనక చెరో పక్కా ఒకటి, అడుగు దాదాపు నేలను తాకేలా నిలబెట్టి బిగించాడు. పడవ దానంతటదే జారేలా ట్రైలర్ రోలర్లకు గ్రీజు పూశాడు. తేలిన పడవ కొట్టుకుపోకుండా, దాని ముక్కు నుంచి ట్రైలర్ ముందు కమ్మీకి పొడవాటి తాడు కట్టాడు. ఒక్కో మర బిగించాక ఒకసారి కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

జాఫర్ రొట్టెలూ చాయ్ ఫ్లాస్కూ పట్టుకొచ్చాడు.

"ఏంటి బావా, పడవకి గోల్‌పోస్టులు పాతావు?"

"అద్దంలో వీటిని చూసుకుంటూ రా. నీళ్లు ఎర్రగీత తాకగానే ఆపు. ఎవరూ అరవక్కర్లేదు."

"అరవడానికి నువ్వున్నావుగా! మా అక్కనిచ్చింది నీకా, ఈ గొట్టానికా?"

మక్కీ నవ్వబోతే దగ్గొచ్చింది. "జలుబు తగ్గేదాకారా. ఒక్కసారి నా మాట విను."

జాఫర్ గొట్టాన్ని చూశాడు, పక్కన నిలబడ్డ బావను చూశాడు. ఇద్దరిదీ ఒకే ఎత్తు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"డాక్టరేమన్నాడు బావా?"

"చాయ్ చల్లారిపోతోంది. పోయరా."

మధ్యాహ్నం పోటు మీద పడవ దించారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి మక్కీ గట్టుమీద ప్లాస్టిక్ కుర్చీలో, పొడి బట్టలతో కూర్చున్నాడు. జాఫర్ అలవాటుకొద్దీ కిటికీ అద్దం దించి చెవి బయటపెట్టాడు. చక్రాలు మునిగాయి. నీళ్లు గొట్టాలమీదికి పాకాయి. జాన. మూర. గీతకు బెత్తెడు దూరం. పికప్ ఆగలేదు. మక్కీ పెదాలు కదిలాయి.

బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. పడవ తేలింది.

"నీకంటే ఇదే నయం బావా! దీనికి చాయ్ కూడా పొయ్యక్కర్లేదు!" అని అరిచాడు జాఫర్. ట్రైలర్‌ను గట్టెక్కించి, తాడు విప్పుకుని వెళ్లిపోయాడు. మక్కీ చేయి ఎత్తాడు.

సాయంత్రం నమాజు పిలుపు వేళకు పడవ తిరిగొచ్చింది.

"బావా, సాఫీ చేప తెగ పడింది! లే, తట్ట పట్టు!"

కుర్చీలో తల పక్కకి వాలి ఉంది. ఒక చెప్పు కాలినుంచి జారింది. జాఫర్ మోకాళ్లమీద కూలబడి ఆ చేయి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. చాలాసేపు వదల్లేదు.

మూడు రోజుల సంతాపం అయిపోయాక, నాలుగో రోజు జాఫర్ మళ్లీ పికప్‌ను వాలుమీద వెనక్కి నడిపాడు. కిటికీ దించాడు. ఎవరూ అరవలేదు. అద్దంలో రెండు గొట్టాలు బొడ్డులోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. బ్రేకు తొక్కాడు. ఎడమ గొట్టంమీద, గీత కిందికి జారిన ఎర్రచుక్క అల వచ్చినప్పుడల్లా మునిగి, మళ్లీ తేలుతోంది.