మాణిక్యాంబ కోడలి ఆది జాకెట్టు

నేను ఒక ఆది జాకెట్టును. ఒంటికి సరిగ్గా కుదిరిన జాకెట్టును కొలతకని దర్జీకి ఇస్తారే, ఆ ఉద్యోగం నాది. తణుకులో దర్జీ ఖాసిం మిషను మీద పుట్టాను. శేషారత్నం ఒంటికి అమిరిన తీరు చూసి, ఆవిడ మిగతా జాకెట్లన్నిటికీ నన్నే ప్రమాణం చేశారు.

శేషారత్నానికి ఉబ్బసం. ఒక స్వామివారిచ్చిన పొడి తేనెలో వేసుకుంటే ఆయాసం చేత్తో తీసేసినట్టు పోయింది. అత్తగారు మాణిక్యాంబ ఆ డబ్బాను దేవుడి గూట్లోనే పెట్టింది. కోడలు రోజూ కళ్లకద్దుకుని వేసుకునేది.

ఏడాది తిరిగేసరికి నా పక్క కుట్లు విప్పారు. మళ్లీ విప్పారు. పొట్ట పెరిగింది, మెడ వెనక కొవ్వు గుట్టలా లేచింది. ముఖం గుండ్రమైతే ఊళ్లోవాళ్లు అమ్మవారి కళ అన్నారు. మాణిక్యాంబకు మాత్రం వేరే అనుమానం.

“శనివారం ఒంటిపూటంటావు, ఒళ్లేమో ఇలా ఊరుతోంది. వెంకన్నబాబుకి తెలీకుండా ఏం లాగించేస్తున్నావే?”

“దేవుడి తోడు అత్తయ్యా, రాత్రికి ఆ రెండు ఇడ్లీలే.”

“ఆ మాట ఇడ్లీలకి చెప్పు, నమ్ముతాయి.”

తిని లావైతే చేతులూ లావెక్కాలి కదా! నా చేతులు వదులై గాలికి ఊగుతున్నాయి. వాటి వంక ఎవరూ చూడలేదు. శేషారత్నం ఆ ఇడ్లీలు కూడా మానేసింది. ఒక శనివారం నన్నే తొడుక్కుని వెళ్లి గుడి మెట్లు ఎక్కలేక కూలబడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బీపీ చూడబోయి ఆగింది. “జాకెట్టు పక్కలు పిగిలిపోతున్నాయి, చేతులేమో ఇంత వదులు! ఏం మందులు వాడుతున్నారు?”

“మందులేం లేవండీ ఆయ్, స్వామివారి ప్రసాదం ఒక్కటే” అంది మాణిక్యాంబ.

ఆ ప్రసాదాన్ని పరీక్ష చేయిస్తే స్టెరాయిడ్ బయటపడింది. ఒంట్లో సహజంగా ఊరే కార్టిసాల్ అనే హార్మోను చేసే పనే అదీ చేస్తుందట. అతి అయితే పొట్టకూ మెడకూ ముఖానికీ కొవ్వు చేరుతుంది, చేతుల్లో, కాళ్లలో కండ కరుగుతుంది. దాని పేరు కుషింగ్ సిండ్రోమ్.

“ఇప్పుడే కాలవలో పారేస్తానండీ!” అంది మాణిక్యాంబ.

“పొడి పారేయండి, కానీ స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. ఇన్నాళ్లూ బయటినుంచి వస్తోంది కదా, ఒంట్లో గ్రంథులు పని మానేశాయి. కొలత తెలిసిన మాత్రతో మెల్లగా తగ్గిద్దాం. ఆయాసానికి పీల్చే మందిస్తాను.”

డబ్బాలో ఏముందో అడగొద్దని దేవుడు ఎవరికి చెప్పాడో నాకు తెలియదు.

శేషారత్నం మెల్లగా తేరుకుంది. విప్పీ కుట్టీ చివికిపోయిన నేను దీపపు కుందులు తుడిచే గుడ్డనయ్యాను. ఆ డబ్బాకు మాత్రం పదవి పోలేదు. కడిగి పసుపు పోశారు. తప్పయిందని మాణిక్యాంబ ఎన్నడూ అనలేదు. శనివారం రాత్రి కోడలి పళ్లెంలో మూడో ఇడ్లీ మాత్రం తనే వేస్తుంది.

“తినవే. వెంకన్నబాబు ఏమీ అనుకోడు.”