వంటగుడారం పక్కన తవ్విన గొయ్యి

హలో, అందరికీ నమస్కారమండి. వినపడుతోందాండి? మంచుకొండ ఎక్కడానికొచ్చాం, ఇక్కడ సిగ్నల్ తక్కువ, ఈ వాయిస్ మెసేజ్‌లో సూటిగా చెప్పేస్తాను.

మా బావమరిది సూరిబాబు మంచు వాలు మధ్యలో నిలబడి ఉన్నాడు. బొటనవేలంత ఉన్నాడు. పొద్దున్న మామూలు మనిషే.

ఇక్కడి పద్ధతేంటంటే, వాలు దాటే ముందు ఒకరు ఆ వాలు మీదే నడుంలోతు గొయ్యి తవ్వి మంచు పొరలు చూడాలి. అడుగుపొర పంచదారలా పొడిపొడిగా ఉంటే పైదంతా జారి మీద పడుద్ది. ఈరోజు వంతు నాది. మాది ఆత్రేయపురం, పూతరేకులు చేసే ఇల్లు. పొరల సంగతి నాకా చెప్పేది అని నిన్న అందరి ముందూ తెగ కోసేశాను.

మోకాళ్ళ నొప్పండి. వాలెక్కలేక వంటగుడారం పక్కన, చదునులో తవ్వేశాను. "గట్టిగా ఉంది, వెళ్ళండి" అన్నాను. సూరిబాబు ముందు బయల్దేరాడు.

వాడు మధ్యకి వెళ్ళేసరికి మంచు 'ఉఫ్'మని ఒక అంగుళం దిగుతుంది. పైన పాపిడి తీసినట్టు చీలిక. కానీ జారదు. కొండ ఆగి నావైపు చూస్తుంది.

"బావా, ఇక్కడే తవ్వావు కదా?" అంటాడు సూరిబాబు.

"అక్కడేరా."

వాలు ఒక ఫర్లాంగు పొడుగవుతుంది. వాడు మూరెడు అవుతాడు.

"మరి గొయ్యి కనపడదేం?"

"పూడిపోయుంటది."

ఇంకో ఫర్లాంగు. వాడు జానెడు.

"అక్క మీద ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు బొటనవేలు.

దారి చూపించే నోర్బూ నా పారని తిప్పి చూస్తాడు. "అంకుల్, దీనికి టీపొడి అంటుకుంది. వాలు మీద టీపొడి ఉండదు."

నేను తల దించుకుంటాను. నోర్బూ కోప్పడడు. "అబద్ధానికి పొడుగైతే నిజానికి పొట్టిదవ్వాలి. నాకు చెప్పి లాభం లేదు, నాకు తెలిసిపోయింది. తెలియనివాళ్ళకి చెప్పండి."

అందుకే మీకు చెప్తున్నాను. నేను వాలు మీద తవ్వలేదండి. వంటగుడారం పక్కన తవ్వాను.

మీరు వింటుంటే వాలు దగ్గరకొస్తోంది. వాడు మోకాలెత్తు అయ్యాడు. మంచు మొత్తం నా బదులు ఎర్రగా కందిపోతోంది. కొండ రెండు చేతులూ ఎత్తి మొహం కప్పుకుంటోంది. వాడు ఆ వేళ్ళ సందుల్లోంచి, ఒక్కో వేలూ పక్కకి జరుపుకుంటూ నడిచొస్తున్నాడు.

వాడింకా నా నడుమెత్తు కూడా కాలేదండి. ఈ మెసేజ్ ఇంకొకరికి పంపండి. నన్ను ఎరగనివాళ్ళకి పంపితే మరీ మంచిది.