గిన్నె పట్టుకునే చెయ్యి

వీధిలో అందరూ ఆమెను చేతులమ్మ అనేవారు. కృత్రిమ చేతులు తయారుచేసే వర్క్‌షాపులో పన్నెండేళ్ళుగా పని. ఎవరితో మాట్లాడుతున్నా ముందు చూపు మణికట్టు మీదికే పోయేది. "ఆవిడకి మొహం చూపించి లాభం లేదు, ముంజేయి చూపిస్తే గుర్తుపడుతుంది" అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఆమెను ఆరు రోజుల పని మీద దక్షిణపు కొసన ఉన్న ఒక చిన్న ఊరికి పంపారు. అక్కడ బిస్కెట్ల దుకాణం నడుపుకునే ఒక పెద్దావిడకు పిండి కలిపే యంత్రంలో పడి ఎడమచెయ్యి మణికట్టు పైదాకా పోయింది. ఊరంతా ఆవిడను బిస్కెట్టక్క అని పిలుస్తారు. ఆ వైపు బిస్కెట్ అంటే టీలో ముంచుకునే కరకరలాడే బిళ్ళ కాదు. మైదాలో చల్లటి వెన్న నలిపి, మజ్జిగ పోసి, ముద్దను మడతలు పెట్టి, గుండ్రంగా కోసి కాలుస్తారు. రెండు వేళ్ళ ఎత్తున పొంగి, విరిస్తే పొరలు పొరలుగా ఊడివస్తుంది.

అంతకుముందే ఒకసారి వచ్చి కొలతలు తీసుకుని చేతులమ్మ చేసిన ఆ చెయ్యి ఆరువారాల కష్టం. అయిదు వేళ్ళు, గోళ్ళు, బిస్కెట్టక్క ఒంటిరంగుకు సరిగ్గా కలిసిపోయే తొడుగు. మొదటిరోజు బిగించినప్పుడు దుకాణానికి వచ్చినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. మూడోరోజు పొద్దున చేతులమ్మ వెళ్ళేసరికి ఆ చెయ్యి అరమీద, పంచదార డబ్బా పక్కన ఉంది. బిస్కెట్టక్క మిగిలిన మొండి చేతితో గిన్నెను పొట్టకు అదిమిపట్టుకుని, కుడిచేత్తో పిండి నలుపుతోంది. గిన్నె జారిపోతోంది.

"నొప్పిగా ఉందా అక్కా? పట్టీ వదులు చేస్తాను."

"నొప్పేం లేదమ్మాయ్. చాలా అందంగా ఉంది. పెళ్ళిళ్ళకి పెట్టుకుంటాలే. ఈ పనికి మాత్రం కాదు. ముద్దంతా దాని వేళ్ళకే అంటుకుపోతోంది, కడిగితే పోదు. గిన్నె పట్టుకోమంటే అలంకారంగా పక్కన నిలబడుతోంది, కొత్తకోడలల్లే."

చేతులమ్మకు నవ్వు రాలేదు. "ముందే చెప్పి ఉండాల్సింది కదక్కా" అంది, కాస్త ముఖం మాడ్చుకుని.

"నువ్వు అడిగితేగా! పొడుగు కొలిచావు, చుట్టు కొలిచావు, రంగు కూడా నాలుగు చీటీలు పెట్టి చూశావు. దీంతో ఏం పని చేస్తావక్కా అని ఒక్కమాట అడిగావా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆమె ఒక స్టూలు లాక్కుని కూర్చుని, ఆ పూటంతా బిస్కెట్టక్క పని చూసింది. మధ్యాహ్నం పక్కవీధి వెల్డింగు షాపుకు వెళ్ళి, ఒక ఉక్కుపట్టీని వంచి కొక్కెంలా చేయించింది. లోపలివైపు పాత ట్యూబు రబ్బరు అంటించింది. ఒకసారి వంపు ఎక్కువైంది, ఒకసారి తక్కువైంది. అయిదోరోజుకు అది గిన్నె అంచును కరుచుకుని కదలకుండా నిలిచింది. చూడ్డానికి మాత్రం బావిలో పడ్డ బకెట్టును తీసే పాతాళభేరిలా ఉంది.

బిస్కెట్టక్క గిన్నెను అటూ ఇటూ కుదిపి చూసింది. తర్వాత అంది: "చేతులు చన్నీళ్ళలో కడుక్కుని రా. వేడిచేతులకి వెన్న కరిగిపోతుంది. నేర్పిస్తా."

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఆమెకు మామగారే గుర్తొచ్చారు. ఆయన నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. స్కేలు లేకుండా గీత గీస్తే దారం పట్టినట్టు ఉండేది. మూడేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. అందరి ముందూ అన్నం ఒలుకుతుందని తన గదిలో ఒక్కరే తింటారు, అదీ అందరూ లేచాక. చేతులమ్మ ఆయనకు బరువైన చెంచా తెచ్చింది, రెండు చెవుల కప్పు తెచ్చింది, బొత్తాలు పెట్టుకునే కొక్కెం తెచ్చింది. ఆయన ప్రతిదాన్నీ అటూ ఇటూ తిప్పి చూసి "బాగుందమ్మా" అని సొరుగులో పెట్టేవారు. సొరుగు నిండింది.

ఆదివారం ఆమె భర్త డ్యూటీకి వెళ్ళాక వంటింట్లో మైదా, వెన్న ముందేసుకుంది. మొదటి వాయి పొంగలేదు. అత్తగారు ఒకటి తీసుకుని గట్టుమీద కొట్టి చూసింది.

"ఇవి తినడానికా, తలుపుకి అడ్డం పెట్టడానికా?"

"ముద్దని ఎక్కువ పిసికానత్తయ్యా. మళ్ళీ చేస్తా."

మామగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, చేతులు రెండూ శాలువా కింద దాచుకుని. ఆమె ఆయనవైపు తిరిగింది.

"మామయ్యగారూ, ఇన్నాళ్ళూ నాకు తోచినవన్నీ తెచ్చి మీ నెత్తిన రుద్దాను. మీకేం కావాలో ఎప్పుడూ అడగలేదు. ఏం కావాలి మీకు?"

అత్తగారు "ఆయనకేం కావాలే, వేళకి..." అని మొదలుపెట్టబోతే ఆయన చేత్తో ఆపారు.

"ఏదన్నా పని చెప్పండమ్మా" అన్నారు. "ఈ ఇంట్లో పొద్దున్నుంచీ అందరూ నాకు చేసేవాళ్ళే. నాతో చేయించుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. పాడైతే పాడవనీ. నేను ఒలకబోసింది నేను చూస్తుండగానే తుడిచెయ్యకండి. అంతే."

అత్తగారి చేతిలో అప్పటికే తడిగుడ్డ ఉంది. ఆవిడ దాన్ని మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

చేతులమ్మ కుర్చీ వేసి, గిన్నె ఆయన ముందు పెట్టింది. శాలువాలోంచి చేతులు బయటికొచ్చాయి. పిండి బల్లమీదికి, నేలమీదికి, ఆయన ఒళ్ళోకి చిమ్మింది. ఆమె గిన్నె అంచు గట్టిగా పట్టుకుని ఊరుకుంది. వెన్న నలగడానికి చాలాసేపు పట్టింది. మజ్జిగ పోస్తే సగం గిన్నెలో, సగం బల్లమీద. మడతలు ఆమె పెట్టింది. కోయడానికి ఆయన స్టీలు గ్లాసు తీసుకున్నారు. ఒకటి అర్ధచంద్రంలా, ఒకటి చెవి తెగినట్టు, ఒకటి ఏ ఆకారమూ కాకుండా వచ్చాయి. ఆయన గ్లాసు పక్కన పెట్టి వాటివైపే చూస్తూ ఉండిపోయారు.

"ఇంత వంకరగా ఎప్పుడూ రాయలేదమ్మా నేను" అన్నారు. ఆమెకు బాగానే ఉన్నాయని అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"వంకరే మామయ్యగారూ. ఇంకా నాలుగింటికి సరిపడా ముద్ద ఉంది."

ఆయన ముక్కు ఎగబీల్చి మళ్ళీ గ్లాసు అందుకున్నారు.

ఆ వాయి పొంగింది, కొన్ని ఒక పక్కకు ఒరిగి. భర్త వచ్చేసరికి నలుగురికీ ప్లేట్లు బల్లమీదే పెట్టి ఉన్నాయి. అతను ఒకసారి తండ్రినీ, ఒకసారి నేలమీది పిండినీ చూసి, చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చి కూర్చున్నాడు. మామగారు బిస్కెట్ విరుస్తుంటే ముక్కలు గుండెలమీద రాలాయి. అత్తగారి చెయ్యి రెండుసార్లు లేచి మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

ఆ తర్వాత పదిహేను నెలలు ఆయన అందరితోపాటు బల్ల దగ్గరే తిన్నారు. ఆదివారాలు పిండి ఆయనే కలిపేవారు. జబ్బు మాత్రం తన దారిన తాను ముదురుతూనే వచ్చింది. చివరి రెండు నెలలూ చెయ్యి పైకి లేవలేదు. అప్పుడు అత్తగారు చిన్నచిన్న ముక్కలు చేసి నోట్లో పెట్టేది. "ఇంకోటి పెట్టు" అని ఆయనే అడిగేవారు.