ఐదు శ్రుతిలో స్టవ్వు రిపేరు

నేను ఒక మైకు గొట్టాన్ని. ఎక్కడో రేకుల షెడ్డులో అల్యూమినియం రేకును వంచి, సుత్తితో కొట్టి, బూడిదరంగు పూసి నన్ను తయారుచేశారు. మొదట్లో ఒక సౌండ్ సర్వీసు తరఫున పెళ్ళిళ్ళకీ ఎన్నికలకీ తిరిగాను. రెండుచోట్లా మాట్లాడేవాళ్ళే గానీ వినేవాళ్ళు ఉండరు. అంచు సొట్టపోయాక సింహాద్రి నన్ను కొనుక్కుని తన సైకిలుకు కట్టుకున్నాడు.

సింహాద్రి గ్యాసు స్టవ్వులు బాగుచేస్తాడు. "గ్యాసు స్టవ్వులు, కుక్కర్లు, మిక్సీలు బాగుచేస్తామమ్మా" అని తన గొంతే రికార్డు చేసి నాలోంచి వినిపించేవాడు. అది విని స్టవ్వు పట్టుకొచ్చేవాళ్ళ మీదే అతని ఇల్లు గడిచేది. ఆ గొంతు బాగుండదని నాకూ తెలుసు. గొట్టానికి అభిప్రాయాలెందుకని ఊరుకున్నాను.

సంగీతం టీచరు హైమవతిగారు ఊరుకోలేదు. ఉగాదికి టౌనుహాల్లో ఆవిడ శిష్యురాళ్ళ కచేరీ ఉంది. మేము వీధిలోకి రాగానే సాధన చేస్తున్న పిల్లలంతా వాళ్ళ శ్రుతి వదిలేసి మా శ్రుతిలోకి జారిపోయేవారు. ఆవిడ మునిసిపాలిటీలో అర్జీ పెట్టారు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు దివాకరంగారు వచ్చి నా సౌండు సగానికి తగ్గించారు.

"ఇప్పుడు సరిపోయిందా మేడం?"

"నేను గట్టిగా ఉందన్నానా? అపశ్రుతి అన్నాను. ఇప్పుడదే మెల్లగా వినబడుతోంది."

"మా దగ్గర గట్టిగా, మెల్లగా రెండే ఉన్నాయి మేడం. శ్రుతికి సెక్షను లేదు."

రెండో అర్జీకి నన్ను జప్తు చేశారు. ఆఫీసు చెత్తబండికి గొట్టం కరువట. మర్నాడే నేను చెత్తబండెక్కి, దివాకరంగారి గొంతుతో "తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు" అంటూ అదే వీధిలో ఊరేగాను. ఆయన ముందు సింహాద్రి సంగీత విద్వాంసుడు. హైమవతిగారి మూడో అర్జీకి జవాబొచ్చింది: ఇదివరకే జప్తులో ఉన్న వస్తువును మళ్ళీ జప్తు చేయడం కుదరదని.

ఒక ఉదయం చెత్తబండి ఆవిడ గేటు దగ్గర ఆగేసరికి సింహాద్రి అక్కడ నిలబడి ఉన్నాడు. వీధివీధీ అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

"అమ్మగారూ, నా గొంతు బాగోదు, ఒప్పుకుంతన్నాను. గొట్టం లేకపోతే మా ఇంట్లోనే పొయ్యి ఎలగదండి."

నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే ఆవిడ అర్జీలన్నీ వెనక్కి తీసుకుని నన్ను విడిపించారు. షరతు ఒకటే, రికార్డు తన గొంతులో ఉండాలి. ఆ స్టవ్వుల కేకనే మోహన రాగంలో, ఐదు శ్రుతిలో, గమకాలతో సహా పాడి ఇచ్చారు. నేను వీధిలోకి వస్తే పిల్లలు ఇప్పుడు శ్రుతిలో పడేవారు.

ఉగాదినాడు టౌనుహాలు మైకు మొరాయించింది. అద్దెకు దొరక్క సింహాద్రి దగ్గరున్న నన్నే తెచ్చి వేదిక పక్కన కట్టారు. అందరికంటే బాగా పాడే పిల్ల మేధ మొదట కూర్చుంది. కళ్ళు మూసుకుని, శ్రుతిపెట్టెకు రవ్వంత తేడా రాకుండా మోహనం ఎత్తుకుంది. ఆ పిల్ల నోట వచ్చిన సాహిత్యం మాత్రం ఇది:

"గ్యాసు స్టవ్వులు, కుక్కర్లు, మిక్సీలు బాగుచేస్తామమ్మా..."

హైమవతిగారు నుదురు పట్టుకున్నారు. ముందు వరసలోంచి దివాకరంగారి భార్య లేచింది.

"మా స్టవ్వు ఎడమపక్కది వెలగడం లేదు. రేపు వస్తారా?"

వెనకాల నిలబడ్డ సింహాద్రి దణ్ణం పెట్టాడు. మరో ముగ్గురు చేతులెత్తారు. హైమవతిగారు తలెత్తి, అతన్ని చూసి, తర్వాత నా వైపు చూశారు.

"శ్రుతి మాత్రం తప్పలేదు" అన్నారు.

ఇన్నేళ్ళలో నన్ను ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.