బుచ్చి తెచ్చిన కోడి

సురేందర్ ఒక్కడే వచ్చాడు. నలుగురు కూర్చునే బెంచీ మీద కాళ్లు చాపుకుని, "జగపతి పటేలు పంచాయితీ తెంపిండు మేడం. పోరి నాకాడనే ఉంటది," అన్నాడు.

మహిళా సహాయ కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాక సింధు చేతికి వచ్చిన మొదటి పెద్ద కేసు అది. పెళ్లాం శారదను వెళ్లగొట్టి, రెండేళ్ల కూతుర్ని తన దగ్గరే పెట్టుకున్నాడతను. బిడ్డనివ్వకుంటే కోర్టుకు పోతామని ఇవాళ తేల్చి చెప్పాలి. శారదా రాలేదు, ఆమె తల్లి బుచ్చీ రాలేదు.

మధ్యాహ్నం సింధు ఆటో ఎక్కి గంగారం దిక్కు తండాకు పోయింది. బుచ్చి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది, పక్కనే శారద.

"గట్లెట్ల ఒప్పుకున్నరవ్వా? నేనున్న గద!"

"నువ్వు కోడిని ముట్టకపోతివి బిడ్డా. గప్పుడే సమజైంది."

పోయినసారి బుచ్చి కాళ్లు కట్టిన కోడిని కొంగు కింద దాచి తెచ్చింది. వద్దవ్వా, మేమేం తీసుకోవద్దు అని సింధు చేతులు జోడించింది. చదువుకున్న చదువుకు న్యాయం చేశానని ఆ రోజంతా లోపల మురిసిపోయింది.

"ఏం సమజైంది?"

"అల్లుడు నీకు మేకనే ఇచ్చిండని. పటేలు గా కోడిని మంచిగ తీసుకున్నడు. పండుగకు పిల్లను చూపియ్యమన్నడు. గదన్న దక్కె."

"ఒట్టు అవ్వా, నేనెవ్వరి తాన ఏం తీసుకోలే."

తీసుకున్నవాళ్లూ ఇదే మాటంటారని, అన్నాక తోచింది సింధుకు.

"శారదక్కా, ఇప్పుడు గూడ మించిపోలే. నువ్వు ఊ అంటే కోర్టుకు పోదాం."

"నలుగురిల ఒప్పుకున్న. మాట తప్పితే పండుగకు గూడ చూపియ్యరు," అంది శారద తలెత్తకుండా.

బలవంతం చేయడానికి లేదు. నిర్ణయం ఆమెదే కావాలని సింధు చదువుకుంది, నమ్మింది కూడా. ఇప్పుడా నమ్మకమే ఆమెకు అడ్డం పడింది.

శారద లోపలికి పోయి జొన్నరొట్టె, మిరపకారం తెచ్చి ముందు పెట్టింది. కేసున్న ఇంట్లో తినకూడదన్నది కేంద్రం పద్ధతి.

"గిదన్న తింటవా, గిది గూడ ముట్టవా?" అంది బుచ్చి.

సింధు చేయి కంచం దాకా పోయి ఆగింది.

శారద దండెం మీది చిన్న గౌనును తడిమి చూసి, తీసి, గుండెలకానించి మడతపెట్టింది.

"పండుగనాటికి పొట్టిగైతదో ఏమో," అంది, ఎవరితోనూ కాకుండా.